మేడారంలో నాలుగు రోజుల బస గురించి మంత్రి సీతక్క గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులు పంచాయతీరాజ్, గ్రామీణాభివృద్ధి, స్త్రీ శిశు సంక్షేమ శాఖల మంత్రి సీతక్క గారికి,



మేడారం సమ్మక్క సారలమ్మ జాతర అయిపోయిన ప్రతిసారీ రోడ్ల గురించి, బస్సుల గురించి, అమ్మవార్ల గద్దెల దగ్గరి తోపులాట గురించి పత్రికలు రాస్తాయి, అధికారులు సమీక్షిస్తారు. రాత్రిళ్లు ఎక్కడ పడుకున్నాం, అందుకు ఎవరికి ఎంత కట్టాం అన్న సంగతి మాత్రం ఎవరి ఇంట్లో వాళ్లు మాట్లాడుకుని మరిచిపోతారు. నేను ఆ ఒక్క విషయం గురించే రాస్తున్నాను. మేడారంలో ఒక గది వెతకడం, బేరం కుదుర్చుకోవడం, బయానా కట్టడం, చివరికి ఆ గది తాళంచెవి చేతికి రావడం. ఇందులో ఏ దశలోనూ ఈరోజుకీ ఒక కాగితం ముక్క లేదు. దీన్ని బాగుచేయడం మీకు సాధ్యమని నమ్మి మీకే రాస్తున్నాను. మీరు ములుగు శాసనసభ్యులు, ఆదివాసీ బిడ్డ. ఊరి పంచాయతీ, ఊళ్లోని మహిళా సంఘం రెండూ మీ శాఖల కిందికే వస్తాయి. నేను అడగబోయే పనికి ఆ రెండూ చాలు.

మా మహబూబాబాద్ జిల్లాకు ఈ జాతరతో చుట్టరికం ఉంది. సమ్మక్క పెనిమిటి పగిడిద్దరాజు బయల్దేరేది మా గంగారం మండలం పూనుగొండ్ల నుంచే. పూజారులు ఆయన్ను అడవిదారిన కాలినడకన తీసుకొస్తారు. మా ఇళ్లలో బిడ్డ పుట్టినా, రోగం నయమైనా, పంట చేతికొచ్చినా మొక్కు మేడారానికే. మా తాతల కాలంలో ఎడ్లబండి కట్టుకుని వెళ్లేవాళ్లు. రాత్రి బండి కిందే పడక, బండి పక్కనే పొయ్యి. అద్దె అన్న మాటే లేదు. ఇప్పుడు కార్లు, ఆటోలు, ట్రాక్టర్లు, ఆర్టీసీ బస్సులు. ఆర్టీసీ బస్సు మనల్ని దింపేసి వెళ్లిపోతుంది కాబట్టి దిగినవాళ్లకు ఒక చోటు కావాలి. ముసలివాళ్లు, బాలింతలు, చంటిపిల్లలు ఉన్న కుటుంబానికి నాలుగు గోడలు, ఒక తలుపు కావాలి. గది అద్దెకు తీసుకోవడమన్నది అక్కడే మొదలైంది.

ఇప్పుడు గది ఎలా దొరుకుతుందో చెప్తాను. జాతరకు నెల, రెండు నెలల ముందు ఎవరో ఒకరి దగ్గర ఒక ఫోన్ నంబరు దొరుకుతుంది. ఆ నంబరు చాలాసార్లు ఇంటివాళ్లది కాదు, నడిమి మనిషిది. మేడారం, రెడ్డిగూడెం, ఊరట్టం, కన్నెపల్లి, నార్లాపూర్ అని ఊళ్ల పేర్లు చెప్తాడు. గద్దెలకు ఎంత దూరమని అడిగితే ‘నడిచే దూరమే’ అంటాడు. రేటు వేలల్లో చెప్తాడు. అది రోజుకా, నాలుగు రోజులకా, మనిషికా, గదికా అన్నది నాలుగైదుసార్లు అడిగితే తప్ప తేలదు. సగం డబ్బు ఫోన్‌లో పంపమంటాడు. పంపుతాం. రసీదు ఉండదు. జాతర దగ్గరపడేకొద్దీ అదే గదికి ఎక్కువిచ్చేవాళ్లు వస్తారు. బుధవారం సారలమ్మ గద్దెకు వచ్చే రోజు పొద్దున మనం అక్కడ దిగేసరికి ఆ గది మనదో కాదో ఎవరూ చెప్పలేరు.

మాకు ఒకసారి అదే జరిగింది. ఫోన్‌లో చెప్పింది పెంకుటింట్లో గది. అక్కడ చూపించింది ఇంటి వెనక కొత్తగా వేసిన రేకుల షెడ్డు, మూడు వైపులా తాడిపత్రి కవర్లు. మాతో ఇద్దరు ముసలమ్మలు, పాలుతాగే పిల్ల ఉన్నారు. చలికాలపు రాత్రి. ఆడవాళ్లు స్నానం చేసే చోటు లేదు, బట్ట మార్చుకోవడానికి మరుగు లేదు. నడిమి మనిషి ఫోన్ ఎత్తలేదు. ఆ ఇంటి ఇల్లాలు మా పిల్లను చూసి లోపలికి పిలిచి తన గదిలో చోటిచ్చింది. మేం కట్టిన డబ్బులో ఆమె చేతికి అందింది చాలా తక్కువని మాటల్లో తెలిసింది. నాకు ఎక్కువ బాధ కలిగింది అక్కడే. ఇల్లు ఆమెది, వాకిలి ఆమెది, నాలుగు రోజులు ఇరుకున పడేది ఆమె కుటుంబం. లాభం మాత్రం ఊరికి సంబంధం లేని మనిషిది.

కాబట్టి ఊరివాళ్ల మీద ఫిర్యాదు చేయడానికి నేను ఈ లేఖ రాయడం లేదు. ప్రభుత్వ లెక్కల్లో కోటి దాటే జనం ఒక చిన్న గూడెం మీదికి, దాని చుట్టుపక్కల నాలుగైదు ఊళ్ల మీదికి వచ్చిపడతారు. వాళ్ల పొలాలు మన వాహనాలకూ గుడారాలకూ జాగ అవుతాయి. యాసంగి పంట పోతుంది. జాతర ముగిశాక ఆ మళ్లలో సీసా పెంకులు, ప్లాస్టిక్, యాట ఎముకలు ఏరుకోవాల్సింది ఆ రైతులే. నాలుగు రోజుల అద్దె వాళ్లకు ఎక్కువ ఆదాయమని ఎవరైనా అంటే నేను ఒప్పుకోను. రేటు ఎక్కువుండటం నా సమస్య కాదు. రేటు ముందుగా తెలియకపోవడం, దానికి ఏమిస్తారో రాసి ఉండకపోవడం, ఆ డబ్బు ఇంటివాళ్లకు చేరకపోవడం. ఇవీ సమస్యలు.

ఇంకొకటి. మేం మేడారంలో అద్దెకు తీసుకునేది గదిని మాత్రమే కాదు. బంగారం, అంటే ఎత్తు బెల్లం, ఎక్కడో దించాలి. ఒడిబియ్యం మూట, కోళ్లు, యాట ఉంటాయి. గద్దెల దగ్గర మొక్కు అప్పజెప్పి వచ్చాక యాటను కోసి వండుకుని, బంధుబలగం అంతా వరుసగా కూర్చుని తినాలి. పొయ్యి పెట్టుకోవడానికి వాకిలి కావాలి, కట్టెలు కావాలి, నీళ్లు కావాలి. ఏ లాడ్జీ కూడా ఇందుకు ఒప్పుకోదు. తాడ్వాయిలో పర్యాటక సంస్థ హరిత హోటల్ ఉంది, జాతరకు గుడారాలూ వేస్తారు. ఉద్యోగస్తులకు, దూరం నుంచి వచ్చేవాళ్లకు అవి బాగానే ఉంటాయి. పదిహేను మంది కుటుంబానికి, చేతిలో యాట తాడు పట్టుకుని వచ్చినవాళ్లకు కావాల్సింది ఊరి ఇంటి వాకిలే. దీన్ని గుర్తించకుండా ‘వసతి’ అని ఎన్ని గదులు కట్టినా అవి మా అవసరం తీర్చవు.

మేడారంలో పెద్ద పెద్ద వసతి భవనాలు కట్టాలనే మాట అప్పుడప్పుడు వినపడుతుంది. అందుకే ఇలా నాలుగు రోజుల జనం కోసం, లేదా ఒక రుతువు జనం కోసం, పెద్ద భవనాలు కట్టుకున్నవాళ్ల అనుభవం మీ ముందు పెట్టాలనిపించింది. ఫ్రాన్స్‌లో ఆల్ప్స్ కొండల మీద మంచులో జారే ఆట కోసం జనం చలికాలంలో విరగబడి వస్తారు. 1960, 70 దశకాల్లో అక్కడి ప్రభుత్వం పూనుకుని కొండల మీద ఏకంగా కొత్త ఊళ్లే కట్టించింది. ఆవోరియాజ్, లా ప్లాన్య్, లెజార్క్ అలాంటివే. ఒక్కో భవనంలో వందలాది చిన్న చిన్న అపార్ట్‌మెంట్లు. పట్నాలవాళ్లు కొనుక్కుని, తాము రాని వారాల్లో అద్దెకిస్తారు. అద్దె మామూలుగా శనివారం నుంచి శనివారానికి. ఆ నాలుగైదు నెలల రద్దీలో అక్కడ గది దొరకడం కష్టం, దొరికినా ఖరీదు ఎక్కువ. అయితే మిగతా ఏడాది సంగతి ఏమిటి? చాలా అపార్ట్‌మెంట్లలో ఏడాది మొత్తానికి నాలుగు వారాలు కూడా మనిషి పడుకోడు. కిటికీలు మూసి ఉంటాయి. కానీ ఆ భవనాలకు నీళ్లు, మురుగు, కరెంటు, దారులు ఏడాది పొడవునా స్థానిక పంచాయతీయే చూసుకోవాలి. యాభై ఏళ్లు గడిచాక వాటిని బాగుచేయించే యజమానులు దొరకడం లేదు. అక్కడి పాలకులకు ఇప్పుడు ఇదే పెద్ద బెంగ.

స్విట్జర్లాండ్ ప్రజలు ఇంకో అడుగు ముందుకు వేశారు. 2012 మార్చిలో దేశమంతా ఓట్లు వేసి, ఏ ఊళ్లోనూ బయటివాళ్ల సెలవుల ఇళ్లు మొత్తం ఇళ్లలో 20 శాతం దాటకూడదని రాజ్యాంగంలో రాసుకున్నారు. బయటి డబ్బు వచ్చి భూమి ధర పెంచితే ఊళ్లో పుట్టినవాళ్లకే ఇల్లు లేకుండా పోతోందని వాళ్లు అప్పటికి గ్రహించారు.

మేడారం పరిసరాలకు అలాంటి రక్షణ ఎప్పటి నుంచో ఉంది. మీకు నేను చెప్పనక్కర్లేదు గానీ ఈ లేఖ చదివే మైదాన ప్రాంతాలవాళ్ల కోసం చెప్తున్నాను. అది ఐదో షెడ్యూలు ప్రాంతం. 1/70 చట్టం ప్రకారం అక్కడి భూమిని గిరిజనేతరులకు అమ్మడమే కాదు, తాకట్టు పెట్టడం, లీజుకివ్వడం కూడా చెల్లవు. 1997లో సుప్రీంకోర్టు సమత కేసులో షెడ్యూలు ప్రాంతంలోని ప్రభుత్వ భూమిని కూడా ప్రైవేటు కంపెనీలకు లీజుకివ్వరాదని తేల్చింది. 1996 పెసా చట్టం గ్రామసభకు తన వనరుల మీద మాట చెల్లే హక్కు ఇచ్చింది. ఒక భక్తుడు నాలుగు రాత్రులు ఒకరి ఇంట్లో బస చేయడం భూమి బదిలీ కాదు. కానీ ఒక వ్యాపారి పది ఇళ్లను, పది మళ్లను జాతర మొత్తానికి గుత్తకు పట్టుకుని షెడ్లు వేసి అద్దెకిచ్చుకోవడం ఆ చట్టం స్ఫూర్తికి విరుద్ధమని నా అభిప్రాయం. దానికి అడ్డుకట్ట వేయాల్సింది పోలీసులు కాదు, గ్రామసభ.

భవనాలు వద్దనడానికి మన నేల చెప్తున్న కారణాలూ ఉన్నాయి. 2023 జూలైలో ములుగు జిల్లా వెంకటాపూర్ మండలం లక్ష్మీదేవిపేటలో ఒక్కరోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో అంత వాన ఎన్నడూ నమోదు కాలేదు. మనం పుణ్యస్నానాలు చేసే జంపన్నవాగే ఆ వరదలో కొండాయి ఊరి మీదికి వచ్చి ఎనిమిది ప్రాణాలు తీసుకుంది. జాతర దేవుళ్లలో ఒకరైన గోవిందరాజు మేడారానికి బయల్దేరేది ఆ కొండాయి నుంచే. మరుసటి ఏడాది 2024 ఆగస్టు 31న సుడిగాలి తాడ్వాయి అడవిలో వేల చెట్లను కూల్చేసింది. ఆ తర్వాత మూడు నెలలకు డిసెంబరు 4 పొద్దున ములుగు కేంద్రంగా 5.3 తీవ్రతతో భూమి కంపించింది. వాగు ఒడ్డున ఎత్తైన కాంక్రీటు కట్టి, రెండేళ్లలో నాలుగు రోజులు నింపి, మిగతా కాలమంతా తాళం వేసి ఉంచడం ఈ నేల మీద ఎవరికీ మంచిది కాదు. ఉన్న చెట్లను దానికోసం కొట్టడం అసలే మంచిది కాదు.

అయితే ఆల్ప్స్ వాళ్ల నుంచి నేర్చుకోవాల్సిన మంచి పద్ధతి ఒకటి ఉంది. ఫ్రాన్స్‌లో సెలవులకు ఇల్లు అద్దెకివ్వాలంటే ముందు నమోదు చేయించుకోవాలి. ఒప్పందం రాతలో ఉండాలి. అందులో ధర ఉండాలి, ఇంటి వివరాల పత్రం ఉండాలి. ఎన్ని చదరపు మీటర్లు, ఎంతమంది పడుకోవచ్చు, వంటగది ఉందా, స్నానాల గది ఉందా అన్నీ అందులో రాస్తారు. ఇంట్లోకి వెళ్లేటప్పుడు, ఖాళీ చేసేటప్పుడు ఇద్దరూ కలిసి ఇల్లంతా చూసి సంతకం పెడతారు. పగిలిందేదైనా ఉంటే డిపాజిట్ నుంచి పోతుంది, లేకపోతే డిపాజిట్ తిరిగి వస్తుంది. బస చేసినవాళ్ల నుంచి రాత్రికి ఇంత అని చిన్న పన్ను వసూలు చేసి ఊరి పర్యాటక ఖర్చులకు వాడుకుంటారు. ఇందులో డబ్బున్న దేశాలకే సాధ్యమయ్యేది ఏమీ లేదు. ఒక రిజిస్టరు, ఒక రసీదు పుస్తకం, గోడ మీద నంబరు రాయడానికి ఒక డబ్బా రంగు కావాలి.

సీతక్క గారూ, నేను కోరేది ఇది. మేడారం చుట్టుపక్కల ఊళ్లలో జాతరకు అద్దెకివ్వదలచుకున్న ప్రతి గదికి, ప్రతి వాకిలికి, గుడారం వేసుకునే ప్రతి మడికి పంచాయతీ ఒక నంబరు ఇవ్వాలి. ఆ రిజిస్టరును ఊరి మహిళా సంఘం నడపాలి. ఇంటి పెద్ద ఎవరు, ఎంతమందికి సరిపోతుంది, పైకప్పు పెంకా రేకా, నల్లా ఉందా బోరు ఉందా, మరుగుదొడ్డి ఉందా, యాట కోసి వండుకోవచ్చా, గద్దెలకు ఎన్ని నిమిషాల నడక. ఇవన్నీ తెలుగులో ఒక పేజీలో ఉండాలి. ఆ పేజీ మహబూబాబాద్, జనగామ, భూపాలపల్లి, హనుమకొండ బస్టాండ్లలో అంటించి ఉండాలి, సంఘం ఫోన్ నంబరుతో సహా. చదువురాని ముసలమ్మ ఫోన్ చేసినా అవతల ఊరి ఆడమనిషి గొంతు వినపడాలి.

ధర హైదరాబాద్‌లో నిర్ణయించవద్దు. గ్రామసభలో ఊరివాళ్లే మాట్లాడుకుని గదికి ఇంత, వాకిలికి ఇంత, మడికి ఇంత అని పై హద్దు పెట్టుకుంటే చాలు. నాలుగు రోజులు ఇల్లు వదులుకునే కుటుంబానికి గౌరవంగా ఉండే ధర పెట్టుకోమనండి. భక్తులం కడతాం. బయానా నేరుగా సంఘం ఖాతాలో పడాలి, తాళంచెవి మా చేతికొచ్చాక ఇంటివాళ్లకు చేరాలి. గది లేదని తేలితే సంఘమే ఇంకో గది చూపించాలి, లేకపోతే అక్కడికక్కడే డబ్బు తిరిగివ్వాలి. రసీదుకో పదో ఇరవయ్యో సంఘం తీసుకుని జాతర తర్వాత పొలాలు శుభ్రం చేయించడానికి ఖర్చు పెట్టుకోవచ్చు. బ్యాంకు అప్పులు తెచ్చి, కట్టి, లెక్కలు రాసి చూపించిన మహిళలు వాళ్లు. క్యాంటీన్లు నడుపుతున్నారు, ఆర్టీసీకి బస్సులే అద్దెకిస్తున్నారు. నాలుగు రోజుల గదుల లెక్క వాళ్లకు భారం కాదు.

డబ్బున్నవాళ్ల సంగతే రాశానని అనుకోకండి. జాతరకు వచ్చే జనంలో ఎక్కువమంది గది తీసుకోలేరు. సొంత కవరు కట్టుకుని చెట్టు కింద పడుకుంటారు. ఆ చెట్టు నీడకు కూడా అద్దె అడిగేవాళ్లు తయారయ్యారు. ప్రభుత్వ జాగలో నీడకు, నేలకు ఎవరూ పైసా తీసుకోకూడదు. ఆ హద్దులు ముందే సున్నంతో గీసి, ఇది ఉచిత విడిది అని బోర్డు పెట్టించండి. నీళ్లు, వెలుతురు, ఆడవాళ్లకు మరుగుదొడ్లు మొదట అక్కడే ఏర్పాటు చేయండి. గది తీసుకున్నవాళ్లకు కనీసం తలుపుంటుంది.

ఇళ్లు బాగుచేసుకోవడానికి డబ్బు ఎక్కడిదని అడగవచ్చు. 2024 అక్టోబరులో మొదలైన ధర్తీ ఆబా జనజాతీయ గ్రామ ఉత్కర్ష్ అభియాన్‌లో దేశం మొత్తం మీద వెయ్యి గిరిజన హోంస్టేలకు కేంద్రం సాయం పెట్టింది. కొత్తగా కట్టుకునే ఇంటికి 5 లక్షల దాకా, ఉన్న ఇంటిని బాగుచేసుకోవడానికి 3 లక్షల దాకా, ఊరి ఉమ్మడి అవసరాలకు 5 లక్షలు. మేడారం, కన్నెపల్లి, కొండాయి, మా పూనుగొండ్ల ఇళ్లకు ఇందులో చోటు ఇప్పించడానికి మీ మాట చాలు. ఒక గది, ఒక స్నానాల గది, ఒక మరుగుదొడ్డి పెరిగితే జాతర లేని రోజుల్లో అది ఆ కుటుంబమే వాడుకుంటుంది. రామప్ప, లక్నవరం చూడటానికి వచ్చేవాళ్లు ఏడాది పొడవునా ఉన్నారు. రామప్పకు 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక వాళ్లు పెరిగారు. ఒక రాత్రి కోయ ఇంట్లో ఉండి, వాళ్ల చేతి వంట తిని, సమ్మక్క కథ వాళ్ల నోటనే వినాలనుకునేవాళ్లు తప్పకుండా వస్తారు. రెండేళ్లకోసారి నాలుగు రోజులు వచ్చే అద్దె, ఇలా అప్పుడప్పుడూ వస్తే ఆ ఇంటి ఆడపిల్ల కాలేజీ ఫీజుకు అక్కరకొస్తుంది.

దీనికి పెద్ద జాతర దాకా ఆగనవసరం లేదు. 2026 జనవరి జాతర ముగిసింది, తర్వాతిది 2028లో. మధ్యలో 2027లో చిన్న జాతర వస్తుంది. జనం తక్కువ కాబట్టి ఈ పద్ధతిని పరీక్షించడానికి అంతకన్నా మంచి సమయం దొరకదు. అదే 2027లో గోదావరి పుష్కరాలూ ఉన్నాయి. మంగపేట, రామన్నగూడెం రేవుల నుంచి భూపాలపల్లి జిల్లా కాళేశ్వరం దాకా మళ్లీ ఇదే బస సమస్య వస్తుంది. చిన్న జాతరలో పొరపాట్లు దిద్దుకుంటే పుష్కరాలకు రిజిస్టరు సిద్ధంగా ఉంటుంది. 2025 డిసెంబరు ఎన్నికలతో పంచాయతీల్లో కొత్త పాలకవర్గాలు వచ్చాయి. కొత్త సర్పంచులకు ఇది మొదటి మంచి పని అవుతుంది.

వచ్చే గ్రామసభల ఎజెండాలో ‘జాతర బస రిజిస్టరు’ అనే ఒక్క అంశం చేర్చమని ఆదేశం ఇప్పించండి. ఆ సభల్లో నడిమి మనుషులు కాకుండా ఇల్లు ఇచ్చే ఇల్లాళ్లు మాట్లాడేలా చూడండి. వాళ్లు వద్దంటే ఈ ప్రతిపాదన అక్కడితో ఆపేయండి, నాకు అభ్యంతరం లేదు. వాళ్లు సరేనంటే మాత్రం 2027 చిన్న జాతరకు వచ్చే భక్తుడి చేతిలో గది నంబరు రాసిన రసీదు ఉండేలా చూడమని కోరుతున్నాను.

ఇట్లు,
జాతరకు తప్పకుండా వచ్చే మహబూబాబాద్ భక్తుడు